బండి మీద ఉన్నవాళ్లకు ఫోన్ చేయకండి: టాటానగర్ తెలుగువారికి విజ్ఞప్తి

డ్యూటీ నుంచి వచ్చేవాళ్ల కోసం ఇంట్లో ఎదురుచూసే అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, నాన్నలకు ముందుగా ఈ విన్నపం. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడొద్దని నడిపేవాళ్లకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఫోన్ చేసేవాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పడం లేదు. మధ్యాహ్నం 2 గంటలకు ప్లాంటులో ఎ-షిఫ్ట్ వదులుతారు. గేటు దాటి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు కాకముందే జేబులో ఫోన్ మోగుతుంది. "బయలుదేరావా? ఎంతవరకు వచ్చావు? సాక్చిలో ఆగి కూరలు పట్టుకురా." తెలియని నంబరైతే బండి నడిపే మనిషి ఎత్తడు. ఇంటి నంబరు కాబట్టే ఎత్తుతాడు. ఎత్తకపోతే కంగారుపడతారని, మళ్లీ మళ్లీ చేస్తారని ఎత్తుతాడు. ఆ ఫోన్ ఆయన చేతికి వచ్చింది మన ఆత్రం వల్లే. అందుకే ఈ మాట ఇంటి నుంచే మొదలుపెడుతున్నాను.

సాయంత్రం పూట కద్మా నుంచి బిష్టుపూర్ వెళ్లే దారిలో కాసేపు నిలబడి చూడండి. హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూ పోయే కుర్రాళ్లు కనిపిస్తారు. తల ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, మెడ తిరగదు, వెనకనుంచి ఏ బండి వస్తోందో కుడివైపు అద్దంలో చూసుకోలేరు. స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లలు ముఖానికి చుట్టుకున్న చున్నీ లోపల ఫోన్ దోపుకుంటారు. చెయ్యి ఖాళీగానే ఉంది కదా అనుకుంటారు. హారన్ కొడితే ఆ చెవికి వినిపించదు. ఆటో నడిపే అన్న ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో తొడమీద పెట్టుకున్న ఫోన్‌లో వీడియో జరుపుతుంటాడు. వెనక సీట్లో నలుగురు స్కూలు పిల్లలు ఉంటారు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. "వస్తున్నా" అని మెసేజ్ పెట్టడానికి మూడు సెకన్లు తల దించితే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. సాక్చి గోల్‌చక్కర్ దగ్గర ఆ 33 మీటర్లలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. బి-షిఫ్ట్‌కు సైకిల్ మీద వెళ్లే మనిషి ఉంటాడు, బస్సు కోసం రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డ ముసలమ్మ ఉంటుంది. ఇక మనం ఇంకా ఎన్‌హెచ్-33 అనే పిలుచుకునే రాంచీ రోడ్డు మీద 60 వేగంలో ఐదు సెకన్లంటే 83 మీటర్లు. ఆ రోడ్డు మీద స్టీలు కాయిల్స్ వేసుకుని ట్రైలర్లు నడుస్తాయి. వాటికి బ్రేక్ వేసిన చోటే ఆగడం చేతకాదు.

టాటానగర్ అని పిలుచుకునే మన జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు భద్రత గురించి కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మన తాతలు వచ్చింది కొలుముల దగ్గర పని చేయడానికి. ఈ ఊళ్లో మూడు నాలుగు తరాలుగా ఇనుము, నిప్పు మధ్య బతికాం. పనికి ముందు భద్రత గురించి చెప్పే టూల్‌బాక్స్ టాక్ అయ్యాకే పనిలో చెయ్యి పెడతాం. హెల్మెట్ లేకుండా ప్లాంటు షాపులో అడుగు పెట్టం. నియర్ మిస్, అంటే తృటిలో తప్పిన ప్రమాదం జరిగితే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, కాగితం మీద రాసి ఇస్తాం. ఎందుకు రాస్తున్నామో తెలిసే రాస్తాం: ఈరోజు తప్పింది రేపు తప్పకపోవచ్చు. మరి గేటు బయట రోజూ జరిగే నియర్ మిస్‌లను ఎవరు రాస్తున్నారు? ఫోన్‌లో మాట్లాడుతూ మాంగో వంతెన మీద ఎదుటి బండిని అంగుళంలో తప్పించుకున్నవాడు ఇంటికొచ్చి భోజనం చేసి పడుకుంటాడు. తెల్లారి మళ్లీ అదే చేస్తాడు. గేటు లోపల అంత క్రమశిక్షణ ఉన్న మనిషి, గేటు బయటకు రాగానే ఆ మనిషి కాకుండా పోవడం నాకు మింగుడుపడదు.

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. శిక్షలు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చారు. ఎర్రలైటు దాటడం కూడా అదే వరసలో ఉంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అక్కడికక్కడే కట్టి తేల్చుకునే మొత్తాన్ని ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. అందుకే బంధువుల ఊళ్లో కట్టినంతే ఇక్కడా కడితే సరిపోతుందని అనుకోకండి.

ఈ సవరణకు ముందు చట్టంలో సందు ఉండేది. 2018లో కేరళ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఇతరులకు ప్రమాదం కలిగించకుండా, బండి నడుపుతూ ఫోన్ మాట్లాడినంత మాత్రాన ఆ రాష్ట్ర పోలీసు చట్టం కింద నేరం కాదని కోర్టు చెప్పింది. అప్పట్లో ఆ తీర్పును చాలామంది చెప్పుకున్నారు, ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఆ మాటకు ఇప్పుడు కాలం చెల్లింది. ఫోన్‌లో దారి చూసుకోవడానికి మాత్రం 2020 అక్టోబరు నుంచి నిబంధనలు ఒప్పుకుంటున్నాయి, అదీ నడిపేవాడి దృష్టి చెదరనంతవరకే. మ్యాప్ చూస్తున్నానని చెప్పి వాట్సాప్ తెరిచినవాడికి ఆ మినహాయింపు లేదు.

జరిమానా కంటే లైసెన్సు గురించి ఎక్కువ ఆలోచించమంటాను. నడుపుతూ ఫోన్ వాడటం లైసెన్సు మీద చర్య తీసుకోదగ్గ తప్పుగా కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోనే ఉంది. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రత కమిటీ 2015 ఆగస్టులో ఇలాంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. సస్పెండ్ అయిన రోజుల్లో బండి తీస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ఆ రోజుల్లో ప్రమాదం జరిగితే, బాధితులకు చెల్లించిన సొమ్మును బీమా కంపెనీ మన దగ్గర నుంచి వసూలు చేసుకునే దారి ఉంది. అంటే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక కట్టుకుందామనుకున్న ఇంటి డబ్బు, పిల్ల పెళ్లికి దాచిన డబ్బు కూడా అందులో కొట్టుకుపోవచ్చు.

ప్రాణం పోతే వేరే చట్టం వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు. పాత చట్టంలో ఇది రెండేళ్లే. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడల్లా అది ముందుకొస్తుంది. అప్రెంటిస్ పరీక్షకు రాత్రింబవళ్లు చదివిన మన పిల్లల జీవితంలోకి ఒక ఫోన్ కాల్‌తో అది రాకూడదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ఫోన్ వాడకం వల్ల పోయినవాళ్లు 3,395 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రమాదం తర్వాత నేను ఫోన్‌లో ఉన్నానని ఎవరు ఒప్పుకుంటారు? చనిపోయినవాడు చెప్పలేడు. అందుకే అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉంటుందని నేను నమ్ముతున్నాను. ఫోన్ వాడుతూ నడిపేవాళ్లు ప్రమాదంలో పడే అవకాశం సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నా పెద్దగా తేడా లేదని కూడా అదే సంస్థ మాట. చెయ్యి ఖాళీగా ఉన్నా మనసు అవతలి మనిషితోనే ఉంటుంది.

మాసాయిపేట పేరు మన బంధువుల ఇళ్లలో ఇంకా మర్చిపోలేదు. 2014 జులై 24న మెదక్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. పసిపిల్లలు పోయారు. డ్రైవరు ఫోన్‌లో మాట్లాడుతున్నాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. మన పిల్లల్ని స్కూలుకు దించే ఆటో, వ్యాన్ నడిపే అన్నలతో దయచేసి ఒకసారి ఈ విషయం మాట్లాడండి. కోపంగా వద్దు, చాయ్ తాగుతూ చెప్పండి.

ప్లస్ టూ చదివే పిల్లలకు ట్యూషన్ కోసం స్కూటీ ఇచ్చే తల్లిదండ్రులతో కూడా ఒక మాట. 18 ఏళ్లు నిండనివాళ్లు నడుపుతూ చట్టం దాటితే, 199ఎ సెక్షన్ కింద తండ్రో, తల్లో, బండి యజమానో దోషి అవుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లకో పిల్లాడికో 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఆ వయసులో ఫోన్ పక్కన పెట్టడం వాళ్లకు ఎంత కష్టమో మీకే బాగా తెలుసు.

ఇక అడగాల్సింది అడుగుతాను. మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏ షిఫ్టో వారం మొదట్లోనే రాసి పెట్టండి. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు అటూ ఇటూ ముప్పావు గంట డ్యూటీవాళ్లకు ఫోన్ చేయొద్దు. శ్రీకాకుళంలో ఉన్న అమ్మకు, బొబ్బిలిలో ఉన్న అత్తకు ఈ వేళలు చెప్పండి. పొరపాటున చేస్తే, బండి శబ్దం వినపడగానే "బండి మీదున్నావా? ఇంటికెళ్లి చెయ్యి నాయనా" అని మీరే పెట్టేయండి. నడిపేవాళ్లు ఫోన్‌ని జేబులో కాకుండా సీటు కింద డిక్కీలో పడేయండి. తప్పనిసరిగా మాట్లాడాలంటే రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి మాట్లాడండి. మెరైన్ డ్రైవ్ మీద ఆగడానికి చోటుకు కొదవ లేదు.

బిష్టుపూర్ రామమందిరం పెద్దలకు, కద్మాలోని ఆంధ్ర సంఘం పెద్దలకు, మిగతా బస్తీల తెలుగు సంఘాలకు నా కోరిక ఒకటే. శ్రీరామనవమికి, దసరాకు మనవాళ్లంతా ఒకచోట చేరుతారు. మైకులో చందాల వివరాలు చదివే ముందు ఐదు నిమిషాలు ఈ విషయానికి ఇవ్వండి. ప్లాంటులో సేఫ్టీ విభాగంలో పనిచేసినవాళ్లు, రిటైరైనవాళ్లు మన మధ్యే చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి తెలుగులో, హిందీలో చెప్పించండి. మూడో తరం పిల్లలకు తెలుగు కంటే హిందీలోనే బాగా ఎక్కుతుంది. అలా ఎవరైనా ముందుకొస్తే షిఫ్టు వేళల కాగితాలు అచ్చువేయించి ఇంటింటికీ పంచే పని నేను చూసుకుంటాను.