కొత్త ఫోనుపై తొందర తీర్పు

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. కొత్త స్మార్ట్‌ఫోను చేతికందిన వారంలోపే తెర కాంతిని, ఛాయాచిత్రాల స్పష్టతను, బ్యాటరీ సత్తువను మెచ్చుకుంటూ తీర్పు చెప్పేస్తాము. మొదటి రెండింటి విషయంలో ఆ తీర్పు సబబే. బ్యాటరీ విషయంలో మాత్రం అది తొందరపాటేనని రసాయన శాస్త్రజ్ఞుడిగా నా అభిప్రాయం.

1991లో సోనీ సంస్థ విపణిలో ప్రవేశపెట్టిన లిథియం అయాన్ బ్యాటరీ జాతే నేటి ఫోనులకూ ప్రాణాధారం. దాని రూపకల్పనకు గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలు 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కర్మాగారంలో తొలిసారి ఛార్జి చేసినప్పుడే అందులోని గ్రాఫైటు ధ్రువంపై పలుచని పొర ఏర్పడుతుంది. ధ్రువాన్ని కాపాడేది ఆ పొరే. అయితే కాలం గడిచేకొద్దీ అది మందమవుతూ, విద్యుత్తును మోయవలసిన లిథియమును కొద్దికొద్దిగా హరిస్తుంది. అధికమైన వేడిమి, ఎల్లవేళలా నూరు శాతం ఛార్జితో ఉంచడం ఈ క్షయాన్ని వేగిరపరుస్తాయి. మొదటి వారంలో ఇదేదీ మన కంటికి కనబడదు.

మనం వాడి విడిచిన ఫోనే తరచు స్వదేశంలోని అమ్మానాన్నల చేతికి చేరుతుంది. కనుక మూడేళ్ల తరువాత బ్యాటరీని సులువుగా మార్చుకోవచ్చునా అని కొనేముందే విచారించండి. మధ్యాహ్నానికే మూగబోయే ఫోనులో వారి పిలుపు మనకు వినబడదు.