అడుగు మట్టి లేని అద్దాల మేడ

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు ఈ వారం ఫోన్ చేశాడు. "పెదనాన్నా, నా ఉడుము తిండి మానేసింది, పొద్దస్తమానం అద్దం గీకుతోంది." ఉడుమును పెంచితే జైల్లో వేస్తారు కదరా అన్నాను. మన ఉడుము కాదట. ఆఫ్రికాదట, సవానా మానిటర్ అంటారట. కేంద్రం పెట్టిన పరివేశ్ పోర్టల్లో నమోదు కూడా చేయించాడట. తీరా డాక్టరు స్కానింగ్ తీస్తే కడుపు నిండా గుడ్లు. "మగది లేకుండా గుడ్లెట్లా వచ్చినయి?" అని వీడి ఆశ్చర్యం. ఇంజనీరింగు చదివాడు! పుంజు మొహం చూడని ఫారం కోడి గుడ్లతోనే కదా రోజూ ఆమ్లెట్ వేసుకునేది.

నాకు ఒళ్లు మండింది దానికి కాదు. అద్దాల పెట్టె కొన్నాడు, వేడి లైటు కొన్నాడు, తేమ చూపే మీటరు కొన్నాడు. కొననిది మట్టి ఒక్కటే. అడుగున రెండంగుళాల కొబ్బరి పొట్టు పోసి ఊరుకున్నాడు.

ఆడ ఉడుముకు గుడ్లు పెట్టడమంటే తవ్వడం. మా ఊరు సారపాక చుట్టుపక్కల వానలు పడి నేల మెత్తబడ్డాక కడుపుతో ఉన్న ఉడుము గట్లమ్మట, పుట్టలమ్మట తిరుగుతుంది. ఒకచోట తవ్వుతుంది, నచ్చకపోతే వదిలేస్తుంది. వేడి, తేమ కుదిరిన చోట ఇరవై దాకా గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో దిమ్మిస కొట్టినట్టు అణుస్తుంది. దొంగలకు దారి తప్పేలా పక్కన ఉత్తుత్తి గుంతలు కూడా తవ్వుతుంది. ఆ గుడ్లు పిల్లలు కావడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు. మన ఉడుము బతుకు మీద అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ ఆఫెన్‌బర్గ్ 1994లో పెద్ద పుస్తకమే వేశాడు. ఆస్ట్రేలియాలో ఒక జాతి ఉడుమైతే మెలికలు తిరిగిన బొరియ తవ్వుకుంటూ పోయి మూడు మీటర్ల లోతున గుడ్లు పెడుతుంది. అంత లోతు మన బోరింగు గుంతకు కూడా ఉండదంటే అతిశయోక్తే గానీ, పునాదికి మాత్రం ఉండదు.

అలాంటి జీవిని పొట్టు మీద కూర్చోబెడితే ఏం చేస్తుంది? మూలలన్నీ గీకుతుంది. చోటు దొరక్క గుడ్లు ఆపుకుంటుంది, లేదా గతిలేక నీళ్ల పళ్లెంలో వదిలేస్తుంది. ఆపుకున్న గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది, పచ్చసొన పొట్టలోకి కారి విషమవుతుంది. కాల్షియం తక్కువైనా, నీళ్లు చాలకపోయినా, కదలక కొవ్వు పట్టినా ముప్పు ఇంకా ఎక్కువ. మావాడి ఉడుముకు కోసి గుడ్లు తీశారు. బతికింది. ఆ ఖర్చుతో రెండు ట్రాక్టర్ల మట్టి వచ్చేది.

మగది లేకపోతే గొడవే లేదనుకునేవాళ్లకు ఇంకో మాట. ఇంగ్లండులోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమొడో డ్రాగన్ (అదీ ఉడుము జాతే) మగతోడు ఎరక్కుండానే 2006లో గుడ్లు పెడితే, వాటిలోంచి పిల్లలే వచ్చాయి.

అసలీ సవానా ఉడుములు ఎక్కడివి? ఘానా, టోగో, బెనిన్ దేశాల్లో కడుపుతో ఉన్న ఆడవాటిని పట్టి, గుడ్లు తవ్వి తీసి, పిల్లలను ఓడలకూ విమానాలకూ ఎక్కించే వ్యాపారం అది. తల్లి గూడు తవ్వి తెచ్చిన పిల్లకు, అది తల్లయ్యేనాటికి గూడు తవ్వుకునే నేల లేదు. 2024లో కేంద్రం తెచ్చిన నమోదు నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. సంతోషం. ఆ ఫారంలో "మట్టి ఎంత లోతు?" అని ఇంకో గడి పెడితే వాళ్ల సొమ్మేం పోయింది?

మనకు మట్టంటేనే పడదు, అదీ సంగతి. వాకిలికి సిమెంటు, చెట్టు మొదలుకు సిమెంటు, బడి ఆవరణకు సిమెంటు, చివరికి గుడి వెనకున్న పుట్ట చుట్టూ కూడా సిమెంటు గట్టు, దాని మీద టైల్స్, టైల్స్ మీద దాతల పేర్లు. కార్తీకంలో నాగుల చవితికి పాలు పోయడానికి బారులు తీరతాం. మిగతా పదకొండు నెలలు జామాయిల్ తోట వేయాలన్నా, ప్లాట్లు చేయాలన్నా మొదట జేసీబీ పోనిచ్చేది పుట్టల మీదికే. పుట్టలో పాము ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పారో! చెదలు లోపల వేడీ తేమా నిలకడగా ఉంచుతాయి గనకనే ఉడుము కూడా గుడ్లకు పుట్టను వెతుక్కుంటుంది. చిన్నప్పుడు మా ఊళ్లో గుడ్లతో ఉన్న ఉడుము దొరికితే వేటగాళ్లు సంబరపడేవారు. ఆ వేట తప్పని ఇప్పుడు అందరం అంటాం. జేసీబీని మాత్రం అభివృద్ధి అంటాం.

ఆడ ఉడుమును ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు ఇవాళే రెండడుగులకు తగ్గకుండా తడి మట్టి పోయండి. తేవాలనుకునేవాళ్లు మానేయండి. ఇక మన ఉడుము వానలకు ఇంట్లో దూరితే డ్రమ్ములో వేసి మూత పెట్టి ఫొటోలు దిగకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూలు 1 జంతువు. పట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా 25 వేలకు తగ్గదు.