వీపున మూట, చేతిలో పద్దు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగి, పరీక్ష పేపర్ల కట్ట విప్పుకుని కూర్చున్నానో లేదో, వాకిట్లోంచి "సార్ ఉండారా?" అని కేక వినిపించింది. చూస్తే కళ్యాణదుర్గం వైపు పల్లెలో సేద్యం చేసుకునే ఆసామి. ఆయన కూతురు ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకుంది. తర్వాత ఇంజనీరింగు ముగించి, కిందటేడు జర్మనీకి పైచదువుకు వెళ్ళింది. ఆయన తెచ్చిన చెనిక్కాయల సంచీ అరుగు మీద పెట్టి, ఫోను నా చేతికిచ్చాడు.

"మా బిడ్డ ఏం రాసిందో చూడండి సార్."

చదివాను. సెప్టెంబరు సెలవుల్లో ఒక స్నేహితురాలితో కలిసి, వీపున సంచీ తగిలించుకుని, పదిహేను రోజులు రైళ్ళలో యూరపు చూసి వస్తుందట. "నాన్నా, నీ డబ్బు అడగను. పని చేసి దాచుకున్న 1,200 యూరోలున్నాయి. నువ్వు సరేనంటేనే పోతాను" అని చివరి మాట.

"పొలం కాగితాలు బ్యాంకులో ఉండాయి సార్. ఇరవై లక్షల అప్పు నెత్తిన పెట్టుకొని ఊర్లు తిరిగేది ఏంటికి? వద్దంటే పిల్ల చిన్నబోతాది. సరే అంటే నా మనసు ఒప్పదు. మీరు లెక్క చూసి చెప్పండి" అన్నాడు.

నేను తెలుగు పంతుల్ని. సమాసం విడదీయమంటే విడదీస్తాను గాని, యూరపు రైళ్ళ చిట్టా నాకేం తెలుసు? అయినా నమ్మి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడమెలా? ఆ పిల్లతోనే ఫోనులో మాట్లాడి, వివరాలు రాబట్టి, కాగితమూ పెన్సిలూ తీసుకుని ముగ్గురం పద్దు వేశాం. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి ఉత్తరం రావచ్చు గనక, ఈ వారం ఆ పద్దే మీ ముందు పెడుతున్నాను.

ముందుగా నాకు గుర్తొచ్చినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆ పెద్దమనిషి 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. అప్పటికి మన దేశంలో ప్రయాణికుల రైలు పుట్టలేదు. అది 1853 నాటి మాట. పల్లకీలూ డేరాలూ, వెంట నూరుమంది దాకా మనుషులూ! ఆయన గొప్పతనం మూటల్లో లేదు, రాతలో ఉంది. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో, ఏ దారి సుఖమో, ఎక్కడ దిగవచ్చో రాసుకుంటూ పోయాడు. 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. తర్వాత పోయేవాడికి దారి తెలియాలనే ఆ శ్రమ. ప్రయాణానికి తొలి సామాను పద్దు పుస్తకమేనని ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

ఇక కాగితాల సంగతి. ఇక్కడినుంచి చూడబోయేవారికి షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు దాని రుసుము 90 యూరోలు. దానితోబాటు 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపాలి. జర్మనీలో చదువుకుంటూ నివాసపు కార్డు ఉన్న పిల్లకు ఇవేవీ మళ్ళీ అక్కర్లేదు. ఆ కార్డూ పాస్‌పోర్టూ దగ్గరుంటే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు తక్కిన షెంగెన్ దేశాలు తిరగవచ్చు. ఇంగ్లండు ఈ లెక్కలోకి రాదు. దానికి వేరే వీసా.

రైలు చీటీలోనూ ఇదే భేదం. బయటి దేశాలవాళ్ళకు యూరెయిల్ పాసు. అది 1959లో వచ్చింది. యూరపులో నివాసం ఉన్నవాళ్ళకు ఇంటర్‌రెయిల్ పాసు. అది 1972లో కుర్రవాళ్ళ కోసం మొదలై, తర్వాత అన్ని వయసులవాళ్ళకూ వచ్చింది. మన పిల్ల పుట్టింది కళ్యాణదుర్గం పక్కనైనా, నివాసం జర్మనీ గనక ఆమెకు ఇంటర్‌రెయిలే. 27 ఏళ్ళ దాకా ధరలో తగ్గింపు ఉంది. నెలరోజుల్లో మనకిష్టమైన ఏడు రోజులు ప్రయాణం చేసే పాసు 300 యూరోలకు కొంచెం దిగువ, ఐదు రోజులది 240 ప్రాంతం. ధరలు మారుతుంటాయి, కొనేనాడు చూసుకోవాలి. ఒక మెలిక ఉంది: నివాసమున్న దేశంలో ఈ పాసు రెండు రోజులే చెల్లుతుంది, పోయేరోజు ఒకటి, వచ్చేరోజు ఒకటి. ఇంకో మెలిక కూడా ఉంది. పాసు చేతిలో ఉన్నా ఫ్రాన్సు వేగపు రైళ్ళకూ, ఇటలీ వేగపు రైళ్ళకూ, రాత్రి రైళ్ళకూ సీటు రుసుము వేరే కట్టాలి. జర్మనీ, ఆస్ట్రియాలలో పగటి రైళ్ళకు చాలావరకు ఆ బాధ లేదు. ఇది తెలియనివాడి పద్దు దారిలోనే చిరుగుతుంది.

ఆ పిల్ల మొదట వేసుకున్న లెక్క ఇది. పాసుకు 300, సీట్ల రుసుముకు 60, పన్నెండు రాత్రుల పడకకు 360 (రెండు రాత్రులు రైల్లోనే), పదిహేను రోజుల తిండికి 225, ఊళ్ళలో ట్రాములకూ చిల్లరకూ 60, చూడబోయేచోట టికెట్లకు 60. వెరసి 1,065. ఆపదకని 100 వేరే. మొత్తం 1,165 యూరోలు, మిగిలేది 35.

యూరోకు నూరు రూపాయలు చొప్పున కట్టినా (అసలు ధర ఇంకా కొంచెం ఎక్కువే), లక్షా పదహారు వేల చిల్లర! ఆసామి కాగితంవంక చూసి, "అంటే నా బిడ్డ దాచిందంతా పదిహేను దినాల్లో పాయె" అన్నాడు. అవతల ఫోనులో పిల్ల మాట్లాడలేదు.

నేను ఇద్దరి పక్షమూ ఆలోచించాను. జర్మనీలో విద్యార్థి బతకడానికి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992, చూపాలని 2024 సెప్టెంబరు నుంచి ఆ ప్రభుత్వపు నిబంధన. ఈ పిల్ల ఎనిమిది వందల్లో సర్దుకుంటూ, చదువు మధ్యలో పని చేసి దాచింది. ఒళ్ళు వంచి కూడబెట్టిన సొమ్ము మీద ఆమెకు హక్కు లేదనడం న్యాయమా? ఇంకొకటి. చదువయ్యాక ఇక్కడికి తిరిగొచ్చి, మళ్ళీ యూరపు చూడాలంటే విమానం టికెట్టుకే అరవై డెబ్బైవేలు. వీసా, బీమా వేరే. అక్కడుండగా చూడటమే చవక. కాని తండ్రి మాటా నిజమే. వడ్డీ సెలవులు తీసుకోదు.

అంచేత లెక్క కాస్త కుదించాం. పదిహేను రోజులు పదయ్యాయి. పారిస్, రోము పద్దులోంచి దిగిపోయాయి. పిల్ల కొంచెం గొణిగింది. "ఇరవయ్యారేళ్ళ లోపువాళ్ళకు, అక్కడ నివాసముంటే చాలు, లూవ్ర్ మ్యూజియం ఉచితం సార్" అంది. "నీకు ఇరవై మూడే గదమ్మా, పై ఏడు చూడు" అన్నాను. మిగిలిన దారి ఇది: జర్మనీనుంచి ప్రాగు, ప్రాగునుంచి వియన్నా, అక్కడ రాత్రి రైలెక్కి తెల్లారేసరికి వెనిస్, వెనిస్‌నుంచి జూరిచ్, జూరిచ్‌నుంచి ఇల్లు. సరిగ్గా ఐదు ప్రయాణాలు. రాత్రి బయలుదేరి మర్నాడు చేరే రైలుకు బయలుదేరిన రోజే లెక్క. దిగాక మళ్ళీ రైలెక్కకపోతే రెండోరోజు ఖర్చు కాదు.

రెండో పద్దు: పాసుకు 240, సీట్లకు 40. పడకల కింద ప్రాగులో మూడు రాత్రులు, వియన్నాలో మూడు, వెనిస్ పక్కన మెస్త్రేలో ఒకటి, జూరిచ్‌లో ఒకటి. హాస్టలు గదుల్లో ఒక మంచం అద్దె కట్టుకుంటే 230. తిండికి రోజుకు 14 చొప్పున 140. ట్రాములు, చిల్లర 40. చూడబోయే టికెట్లు 40. వెరసి 730. ఆపద సొమ్ము 100. మొత్తం 830. మిగిలేది 370 యూరోలు, అంటే ముప్పయ్యేడువేల రూపాయలు. అది నేరుగా బ్యాంకు వడ్డీకి జమ. ఆపద రాకపోతే ఆ నూరూ అక్కడికే.

ఆసామి ఆ చివరి వరస మీద వేలుపెట్టి రెండుసార్లు చదివించుకున్నాడు.

రోజుకు 14 యూరోలతో తిండి ఎలాగంటారేమో. హోటల్లో ఒక పూటకే అది చాలదు. అంగట్లో రొట్టె, పెరుగు, అరటిపళ్ళు, అన్నం పొట్లాలు కొనుక్కోవాలి. చాలా హాస్టళ్ళలో వంటగది ఉంటుంది. సాయంత్రం ఇద్దరూ వండుకుంటే మర్నాటి మధ్యాహ్నానికి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఇంటినుంచి ఏం పంపాలని వాళ్ళమ్మ అడిగిందట. మన సీమ తిండిని మించిన ప్రయాణపు తిండి లేదు. బొరుగులు దూదిలా తేలిక. పుట్నాలపొడి అన్నంలోకీ రొట్టెలోకీ పనికొస్తుంది. చెనిక్కాయ చిక్కీ రెండు ముక్కలు తింటే ఒక పూట గడుస్తుంది. కాని నెయ్యి, పాలకోవా పంపకండి. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బయటి దేశాలనుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకూ, మామిడికాయలూ వద్దు.

ఇక మూట. ఈ విషయంలో నేను దెబ్బతిన్నవాణ్ణి. మా అమ్మను కాశీకి తీసుకుపోయినప్పుడు ముగ్గురు మనుషులకు ఏడు సామాన్లు. రైలు మారేచోట ఆరు లెక్కకొచ్చాయి. ఏడోది దొరికేసరికి అందులో ఆవకాయ జాడీ పగిలి, నూనె దుప్పట్లన్నీ తాగాయి. కాశీలో మేమెక్కడ కూర్చున్నా పక్కవాళ్ళకు ఆకలేసేది! అందుకే ఆ పిల్లకు గట్టిగా చెప్పాను: మూట ఏడు కిలోలు దాటకూడదు. సర్దాక వీపున వేసుకుని రెండంతస్తుల మెట్లు మూడుసార్లు ఎక్కిదిగు. ఆయాసం వస్తే ఏదో తీసెయ్.

ఒంటిమీది జత కాక మూడు జతలు చాలు. రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరే బట్టయి ఉండాలి. లావుపాటి టవలు బదులు మన పలచని తుండుగుడ్డ పెట్టుకోవాలి. అది తుడుస్తుంది, ఆరుతుంది, చలేస్తే మెడకు చుట్టుకోవచ్చు, అవసరమైతే మూటా కడుతుంది. వాన కోటు ఒకటి. అలవాటైన బూట్లు ఒకే జత. కొత్తవి వేసుకుని పోతే రెండోరోజుకే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. హాస్టలు బీరువాకు చిన్న తాళం. జ్వరానికీ కడుపునొప్పికీ మాత్రలు. పాసు ఇప్పుడు ఫోనులోనే ఉంటుంది. ఎక్కబోయే రైలును ముందే అందులో నమోదు చేసుకోవాలి. ఫోను చచ్చిపోతే టికెట్టు లేనట్టే గనక, దానికి ప్రాణం పోసే పవర్‌బ్యాంకు తప్పనిసరి. కాగితాల నకళ్ళు స్నేహితురాలి సంచీలో ఒక జత.

డబ్బు గురించి ఒక్క హెచ్చరిక. చెక్ దేశంలో కొరునాలు, స్విట్జర్లాండులో ఫ్రాంకులు. రెండుచోట్లా యూరో వాళ్ళ సొంత నాణెం కాదు. కార్డు గీకేటప్పుడు ఆ యంత్రం "మీ డబ్బులో లెక్క కట్టమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. వద్దని, ఆ ఊరి డబ్బులోనే కట్టాలి. ఆ మర్యాదకు వెల ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైన సామాను చివరికుంచాను: నీళ్ళ సీసా. స్టేషన్లలో సీసా నీళ్ళు రెండు మూడు యూరోలు. రోజుకు రెండు కొంటే పదిరోజులకు యాభై దాకా పోతాయి. మన పద్దులో దానికి వరసే లేదు, అక్కర్లేదు కూడా. వియన్నాలో కొళాయి తిప్పితే వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీరు. 1873లోనే దూరపు కొండలనుంచి కాలువ కట్టి తెచ్చారు. జూరిచ్‌లో వీధి ఫౌంటెన్లు 1,200 పైన. చాలావాటి నీళ్ళు నిరభ్యంతరంగా తాగవచ్చు. స్టేషన్లో మరుగుదొడ్డికి మాత్రం అర యూరోనుంచి యూరో దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ అడుగుతారు, రైల్లో ఊరికే. ఆ పని రైలు దిగకముందే కానిచ్చుకోవాలి!

ఇదంతా వింటున్న ఆసామి ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు.

"వీధిలో నీళ్ళు ఊరికే పారతా ఉంటాయా సార్? రాత్రీ పగలూ?"

"చాలాచోట్ల అంతే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వానపడే జిల్లా మనది. ఎన్ని బోర్లు వేయించాడో, ఎన్ని ఎండిపోయాయో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. పద్దు వేయడం మన వాళ్ళకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. బిందె చూసి రోజు గడిపిన ఇంట్లో పుట్టిన పిల్ల 830 యూరోలతో పదిరోజులు గడపలేకపోతుందా?

చివరికి ఫోను తానే తీసుకున్నాడు.

"పోయి రామ్మా. సార్ వేసిన లెక్క దాటొద్దు. దినానికి ఎంతయిందో రాత్రికి రాసి పంపు. ఆ మిగిలింది బ్యాంకులో కట్టు. ఇంకొకటి... ఆ నీళ్ళు పారేది ఫోటో తీసి పంపు. మీ అమ్మకు చూపిస్తా."

అవతలినుంచి నవ్వో ఏడుపో తెలియలేదు.

ఆయన వెళ్ళాక చెనిక్కాయలు వేయించమని మా ఇంట్లో ఇచ్చి, పరీక్ష పేపర్ల కట్ట మళ్ళీ విప్పాను. సెప్టెంబరులో ఆ ఫోటో వస్తే నాకూ చూపిస్తానన్నాడు.