కొల్లేట్లో ‘దెయ్యం చేప’ తిష్ఠ

• పట్టినవారికి వల నష్టం.. వదిలితే సరస్సుకు ముప్పు
• నిర్మూలన దుస్సాధ్యం.. కట్టడికి మత్స్యకారుడే దిక్కు

కైకలూరు: వేకువనే దోనెపై బయలుదేరి వల వేసిన కొల్లేటి మత్స్యకారునికి వల బరువెక్కితే ఒకప్పుడు సంబరం. కొర్రమీనో, మార్పో, జెల్లో చిక్కిందని ఆశ. ఇప్పుడు అదే బరువు గుబులు పుట్టిస్తోంది. పైకి లాగితే నల్లని మచ్చలతో, ఒళ్లంతా గట్టి పలకలతో, ముళ్ల రెక్కలతో ‘దెయ్యం చేప’ దర్శనమిస్తోంది. దానిని విడదీసేసరికి వల కన్నాలు పడుతుంది. అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. గట్టుకు మోసుకురావడం దండగ కనుక తిరిగి నీటిలోకి విసిరేయడమే సులువు. ఆ విసరడం వద్దే అసలు చిక్కు ఉంది. పడిన చేపను మళ్లీ సరస్సులో పడకుండా చూడగలిగితేనే ఈ బెడదకు ఎంతో కొంత కట్టడి సాధ్యమవుతుంది.

గాజు తొట్టె నుంచి కాల్వలోకి..

దుకాణాల్లో ‘సక్కర్ ఫిష్’ పేరుతో విక్రయించే ఈ చేప జన్మస్థానం దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం. అక్వేరియం గోడలకు పట్టిన నాచును తిని శుభ్రం చేస్తుందన్న పేరుతో దేశదేశాలకు పాకింది. కొన్నప్పుడు వేలెడంత ఉండే పిల్ల పెరిగి అడుగు దాటుతుంది. తొట్టె చాలదు. చంపడానికి మనసొప్పని యజమానులు దగ్గర్లోని కాల్వలోనో, చెరువులోనో వదులుతారు. జీవకారుణ్యంతో చేసే ఆ పనే స్థానిక చేపల పాలిట శాపమవుతోంది.

వ్యాప్తి ఒక్క కొల్లేటికే పరిమితం కాలేదు. నీటిలో జీవులు విడిచే డీఎన్‌ఏ ఆనవాళ్ల ఆధారంగా హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల ప్రాంతంలో అధ్యయనం జరిపారు. అక్కడి జలవనరుల్లో 60 శాతం మేరకు ఈ జాతి విస్తరించినట్లు తేలింది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు కొల్లేటిలోకే చేరతాయి. అదనపు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఎగువన పట్టణంలో వదిలిన చేప దిగువన సరస్సుకు చేరడానికి దారి సిద్ధంగానే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తిన తరహా వరదలు వస్తే కాల్వకు, చెరువుకు, సరస్సుకు మధ్య హద్దే ఉండదు.

చావని చేప.. కూలే గట్టు

ఈ చేపను తుదముట్టించడం ఎందుకు కష్టమో దాని శరీర నిర్మాణమే చెబుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినా గాలిని మింగి బతుకుతుంది. తడి ఆరకుంటే ఒడ్డున గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. ఒంటిపై కవచం ఉండడంతో వాలుగ వంటి వేటాడే చేపలు సైతం దీని జోలికి పోవడం అరుదు. మురుగునీటిలోనూ పెరుగుతుంది. స్థానిక చేపలు తినే నాచు, అడుగున పేరుకున్న సేంద్రియ పదార్థాలను ఆరగిస్తూ, ఆ క్రమంలో వాటి గుడ్లనూ మింగేస్తుంది.

మరో కీడు కంటికి కనిపించదు. గుడ్లు పెట్టే వేళ మగ చేప నీటి అంచున మట్టిగట్టును తొలిచి లోతైన బొరియ చేస్తుంది. అలాంటి బొరియలు వరుసగా పడితే గట్టు బోలుబోలుగా మారి జారిపోతుంది. చెరువు గట్లపైనే జీవనాధారం నిలిచిన ప్రాంతంలో దీనిని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. మెక్సికోలోని ఇన్‌ఫియర్నిల్యో జలాశయం ఒకనాడు తిలాపియా చేపలకు పేరెన్నికగన్నది. ఈ కవచపు చేప అక్కడ విస్తరించాక మత్స్యకారుల వలలు నిండా ఇవే పడి, వారి ఉపాధి దెబ్బతింది.

పడవ షికారుకూ సంబంధం ఉంది

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ ఎక్కే పర్యాటకులు చూడవచ్చేది గూడబాతులుగా పిలిచే పెలికాన్లను. ఆ పక్షులు వచ్చేది చేపల కోసం. కరేబియన్ దీవుల్లోని ప్యూర్టోరికోలో ఈ కవచపు చేపను మింగబోయి, అది గొంతులో ఇరుక్కుని పెలికాన్లు మృతి చెందిన ఉదంతాన్ని శాస్త్రవేత్తలు 1994లోనే నమోదు చేశారు. మెత్తని చేపలు తగ్గి ముళ్ల చేపలు పెరిగితే ఇక్కడి పక్షులకూ అదే గండం పొంచి ఉంటుంది. పక్షి రాకపోతే పడవా కదలదు.

అమెరికా నేర్చుకున్న పాఠం

అగ్రరాజ్యం ఇలాంటి బెడదతోనే అర్ధ శతాబ్దంగా కుస్తీ పడుతోంది. చిత్రమేమంటే అక్కడి శత్రువు మన రైతులు చెరువుల్లో పెంచే వెండి చేప. 1970వ దశకంలో చెరువుల్లోని నాచును శుభ్రం చేయడానికే దానిని ఆసియా నుంచి దిగుమతి చేసుకున్నారు. తప్పించుకుని మిసిసిపీ, ఇల్లినాయ్ నదులను ఆక్రమించింది. మోటారు పడవ శబ్దానికి బెదిరి మనిషి ఎత్తుకు మించి ఎగిరి, విహారానికి వచ్చిన వారిని గాయపరుస్తోంది. మహా సరస్సుల్లోకి చొరబడకుండా షికాగో సమీపాన కాల్వలో 2002 నుంచి విద్యుత్ కంచె నడుపుతున్నారు. అయినా కంచె మీదే భారం వేసి ఊరుకోలేదు. 2010 నుంచి ఇల్లినాయ్ రాష్ట్రం వృత్తి మత్స్యకారులతో ఒప్పందాలు చేసుకుని, సొమ్ము చెల్లించి ఈ చేపలను పట్టిస్తోంది. పడవదారులకూ నియమాలున్నాయి. ఒక సరస్సు నుంచి మరొక దానికి వెళ్లేముందు పడవలోని నీరు తోడేయాలి, అంటిన నాచు తీసేయాలి, ఆరబెట్టాలి. ఎరగా తెచ్చిన చేపలను నీటిలో పారబోయరాదు.

అన్ని కోట్ల ఖర్చు తర్వాత కూడా ఆ నదుల నుంచి చేప పూర్తిగా పోలేదు. సంఖ్య తగ్గించగలిగారు, ముందుకు సాగకుండా నిలువరించగలిగారు. కొల్లేటికి కావలసింది ఆ ఆశయమే. నిర్మూలిస్తామన్న ప్రకటనలు కాదు.

మూడు శాఖలు.. ఒక చేప

ఇక్కడి చిక్కు పాలనలోనూ ఉంది. అభయారణ్యం అటవీ శాఖది. చేపల చెరువుల వ్యవహారం మత్స్య శాఖది. ఏర్లు, డ్రెయిన్లు జలవనరుల శాఖవి. చేపకు ఈ సరిహద్దులు తెలియవు. ముగ్గురూ కలిసి కూర్చుంటే తప్ప పని జరగదు.

మొదట చేయవలసింది లంక గ్రామాల్లో సేకరణ కేంద్రాలు. పట్టిన దెయ్యం చేపకు కిలోకు ఇంత అని ధర నిర్ణయించి సహకార సంఘాల ద్వారా కొనాలి. చినిగిన వలకు నష్టం భరించేది మత్స్యకారుడే అయినప్పుడు, సరస్సును కాపాడే చాకిరీ కూడా ఉచితంగా చేయాలనడం న్యాయం కాదు. సేకరించిన దానిని దాణాగానో, ఎరువుగానో మలిచేముందు భార లోహాల పరీక్ష తప్పనిసరి. పట్టణ, పరిశ్రమల మురుగు కలిసే నీటిలో అడుగు బురదను తిని పెరిగిన చేప అది. పరీక్షలో నెగ్గకపోతే నీటికి దూరంగా గోతిలో సున్నం వేసి పూడ్చాలి. గట్టున పడేస్తే వానకు తిరిగి నీటిలోకి జారుతుంది.

చేపల రైతులు నీరు పెట్టే తూములకు సన్నని జాలీ బిగించాలి. పట్టుబడి పూర్తయ్యాక చెరువును ఎండగట్టి, గట్ల బొరియలు పూడ్చాలి. ఆటపాక వంటి పడవ రేవుల వద్ద చేప బొమ్మతో హెచ్చరిక బోర్డులు పెట్టి, కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలపాలి. పడవలు నడిపేవారు రోజూ నీటిపైనే ఉంటారు. వారికి శిక్షణనిస్తే వారికి మించిన కాపలాదారులు ఉండరు.

ఇక మూలం అక్వేరియం దుకాణం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఆక్రమణ జాతుల దిగుమతి, వ్యాపారం, పెంపకాన్ని నియంత్రించే అధికారం కేంద్రానికి ఉంది. ఆ అధికారం పట్టణంలోని చిన్న దుకాణం గుమ్మం వరకు రావాలి. పెంచలేని చేపను తిరిగి తీసుకునే బాధ్యతను అమ్మినవారిపై ఉంచాలి.

ఆక్రమణ చెరువుల తొలగింపు పేరుతో 2006లో కొల్లేట్లో గట్లు తెగ్గొట్టడానికి యంత్రాంగం కదిలివచ్చింది. ఈ ఆక్రమణకు పొక్లెయిన్లు పనికిరావు. దోనెపై ఒంటరిగా ఉన్న మత్స్యకారుడు ఆ చేపను నీటిలోకి విసరాలా, దోనెలో వేసుకోవాలా అని ఆలోచించే క్షణమే కీలకం. దోనెలో వేసుకుంటే నాలుగు రూపాయలు వస్తాయన్న భరోసా అతనికి ఇవ్వవలసింది ప్రభుత్వమే.