చెట్లకు పదిహేడేళ్లు, మనుషులకు మూడేళ్లా?

ధారావి పక్కన మిఠీ నది ఒడ్డున ఉన్న మహారాష్ట్ర నేచర్ పార్క్ మీలో చాలామందికి తెలుసు. సండే స్కూల్ పిల్లలను అక్కడికే తీసుకెళ్తుంటాం. ఒకప్పుడు అది చెత్తకుప్ప. 1977లో అక్కడ చెత్త వేయడం ఆపారు, 1994లో పార్కు తెరిచారు. చెట్లకూ పిట్టలకూ ఆ నేలను అప్పగించడానికి పదిహేడేళ్లు పట్టింది.

ఇప్పుడు దేవనార్ సంగతి చూడండి. 1927 నుండి ముంబై చెత్తను మోస్తున్న నేల అది. 2016 జనవరిలో అంటుకున్న మంట రోజుల తరబడి ఆరలేదు. ఆ డంపింగ్ గ్రౌండ్‌లోనే 124 ఎకరాలను 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం ధారావి పునరభివృద్ధికి కేటాయించింది. అక్కడికి ఎవరు పోవాలి? 2000 జనవరి 1 తర్వాత వచ్చినవాళ్లకు, పై అంతస్తులో ఉంటున్నవాళ్లకు ధారావిలో ఇల్లు రాదు, బయటే ఇస్తారు. మన సంఘాల్లో వెనక వరుసల్లో కూర్చునేది ఎక్కువగా వాళ్లే. పాలమూరు నుండి, నల్గొండ నుండి కూలికి వచ్చినవాళ్లు.

అక్కడున్న సుమారు 185 లక్షల టన్నుల పాత చెత్తను మూడేళ్లలో తవ్వి తీసేయాలని మునిసిపాలిటీ టెండరు పిలిచింది. మంచిదే, తీయనివ్వండి. కానీ దాదాపు వందేళ్లు కిందికి ఇంకిన మురుగును ఏ లారీలో ఎత్తుతారు? 2016 ఘనవ్యర్థాల నిబంధనలు ఏం చెప్పాయో యువత చదవాలి. మూసేసిన డంపును కనీసం పదిహేనేళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పైకప్పు మట్టి చెదిరిందా, భూగర్భజలం చెడిందా, గ్యాసు వస్తోందా అని చూస్తూ ఉండాలి. ఆ తర్వాత కూడా గ్యాసు, మురుగు పరీక్షలు ప్రమాణాలకు సరిపోయి, నేల గట్టిదని తేలితేనే మనుషుల నివాసం గురించి ఆలోచించాలి.

"చెత్త మొత్తం తీసేస్తే ఇక అది డంపే కాదు, ఆ నియమం వర్తించదు" అని వాదించేవాళ్లు ఉన్నారు. అలాగైతే మట్టినీ నీళ్లనూ పరీక్షించి ఆ కాగితాలు బస్తీలో అంటించండి. మరాఠీలో, హిందీలో, తమిళంలో, తెలుగులో. అంత ధీమా ఉన్నప్పుడు దాచడం దేనికి?

పచ్చగా కనబడితే చాలనుకోవద్దు. సింగరేణి ఊళ్ల నుండి వచ్చినవాళ్లను అడగండి. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్ట మీద సర్కారు తుమ్మ, వయ్యారిభామ గుబురుగా లేచినంత మాత్రాన ఆ నేల బాగుపడినట్టు కాదు. ఆ కలుపు తీసి, పశువులు మేసే గడ్డి నిలిచిందో లేదో ఏళ్ల తరబడి చూడాలి. తవ్విన చోట మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును గని కంపెనీలకు పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. మూసివేత ఖర్చు కోసం బొగ్గు గనులు ఎస్క్రో ఖాతాలో ముందే డబ్బు కట్టాలన్న నియమం 2009 నుండీ ఉంది. మరి దేవనార్‌లో ఇరవై ఏళ్ల తర్వాత గోడలు పగిలితే, బోరు నీళ్లు కంపు కొడితే, ఆ ఖర్చుకు డబ్బు ఎవరి ఖాతాలో ఉంది?

"గోవండిలో ఇప్పటికే లక్షలమంది ఉంటున్నారు కదా" అనేవాళ్లతో నాకు అసలు ఓపిక లేదు. ఒకరి దగ్గు మరొకరికి అనుమతి పత్రమా?

దేవుడు బీదవాణ్ని పెంటకుప్ప మీద నుండి లేవనెత్తుతాడని 113వ కీర్తన పాడుకుంటాం. ప్రభుత్వం అదే బీదవాణ్ని పెంటకుప్ప మీదికి ఎక్కిస్తుంటే, పాస్టర్లం మనం సర్వే ఫారాలు నింపిపెట్టి, ప్రార్థన చేసి పంపేస్తున్నాం. నేనూ నింపాను. వచ్చే ఫారంతో పాటు ఒక ఆర్టీఐ దరఖాస్తు కూడా పెడుతున్నాను. అందులో అడిగేది ఒకటే: దేవనార్ మట్టి, నీరు, గ్యాసు లెక్కలు నెలనెలా ఎవరు తీస్తున్నారు, ఆ రిజిస్టరు ఏ ఆఫీసులో ఉంది?