కొసరు వద్దు, వాటా కావాలి

'వీళ్ళకి ఎంత చేసినా విశ్వాసం లేదు.' పండక్కి పాతచీర ఇచ్చిన ఆసామి అనే మాట ఇది. కూలి పెంచమని అడిగిన రోజునే ఈ మాట పుడుతుంది. ఊళ్ళలో న్యాయం గురించి జరిగే తగువంతా ఇందులోనే వుంది. చీర ఆయన ఇష్టంతో ఇచ్చేది, దానికి మనం దణ్ణం పెట్టాలి. కూలి మన కష్టానికి వచ్చేది, దానికి దణ్ణం అక్కర్లేదు. ఆ దణ్ణం పోతోందనే ఆయనకి మంట. అందుకే ఆయన లెక్కలో చీర ఇవ్వడం ధర్మం, కూలి అడగడం పొగరు.

'కడుపు నిండితే చాలు, న్యాయం అన్యాయం వీళ్ళకెందుకు' అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 1982లో జర్మనీలో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరీక్ష పెట్టారు. ఇద్దరు మనుషులు. ఒకడి చేతికి డబ్బిచ్చి పంచమంటారు. రెండోవాడు సరేనంటే పంపకం జరుగుతుంది. కాదంటే ఇద్దరికీ ఏమీ రాదు. ఊరికే వచ్చేది రూపాయైనా తీసుకోవచ్చు కదా! తర్వాత ఎన్నో దేశాల్లో ఈ పరీక్ష చేశారు. మరీ తక్కువ వాటా చూపిస్తే చాలామంది 'నాకొద్దు పో' అన్నారు. నష్టపోవడానికైనా ఒప్పుకున్నారు గానీ అన్యాయానికి ఒప్పుకోలేదు.

ఇది మనకి కొత్తేమీ కాదు. కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళని మురికి చేయొద్దన్నందుకు గొడవ మొదలైంది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. మళ్ళీ ఆ ఊరు పోమన్నారు. పుట్టిన ఇల్లూ, తెలిసిన పనీ వదులుకున్నారు. చుండూరులో ముందు మనవాళ్ళని వెలివేసి పనుల్లేకుండా చేశారు. లొంగలేదని 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు.

అయితే పరీక్షకీ ఊరికీ ఒక పెద్ద తేడా వుంది. పరీక్షలో కాదంటే ఇద్దరి చేతులూ ఖాళీ. ఊళ్ళో మనం పని మానేస్తే మూడోరోజుకి మన పొయ్యిలో పిల్లి లేవదు. ఆసామికి గాదెలో గింజలుంటాయి. పక్కూరినుంచి ఆటోల్లో కూలీలొస్తారు. ఒక్కడు కాదంటే వాడే ఎండిపోతాడు. వాడంతా కాదని, పక్కూరి వాడ కూడా కాదంటేనే ఆసామి అరుగుమీద కూచుని మాట్లాడతాడు. కాబట్టి ధైర్యం ఒక్కటే చాలదు. పక్కూరితో మాట, నాలుగు వారాల గింజలు ముందే చూసుకోవాలి.

ఇంకో మాట. పక్కూరివాళ్ళు మనమాట నమ్మాలంటే మన పంపకం సరిగా వుండాలి. ఆడా మగా ఒకేపనికి ఒకే కూలి అని 1976లోనే చట్టం చేశారు. కూలి పెంచమని అడిగేటప్పుడు అక్కచెల్లెళ్ళ కూలి మనమే తగ్గించి చెప్పడం లేదా? సంఘం మీటింగులో వాళ్ళు చాపమీద వెనకే కూచోవడం లేదా? 1994లో మాదిగలు దండోరా వేసి రిజర్వేషన్లో తమ వాటా తమకి కావాలన్నారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. ఈ ముప్పై ఏళ్ళలో వాటా అడిగినవాణ్ణి 'ఐక్యత చెడగొడుతున్నాడు' అన్నవాళ్ళు మనలో ఎంతమంది! ఆసామి అనే 'విశ్వాసం లేదు'కీ ఈ మాటకీ ఎంత దూరం? వాటా పంచుకుంటేనే ఐక్యత నిలబడుతుంది. తక్కువ దొరికినవాడు నోరు మూసుకుంటే వచ్చే ఐక్యత, తగువురోజున మొదటి దెబ్బకే చెదిరిపోతుంది.

అందుకని సంఘాలవాళ్ళకి మా విన్నపం. వచ్చే మీటింగులో ముందు రెండు కాగితాలు రాయండి. ఒకదాంట్లో ఆసామి మనకి బాకీవున్నది. రెండోదాంట్లో మనలో మనం ఒకరికొకరం బాకీవున్నది. రెండోది ముందు చదవండి. అది ఆడవాళ్ళచేత చదివించండి. ఆ బాకీ తీర్చుకుని, మొదటి కాగితం పట్టుకుని అందరం కలిసి ఊళ్ళోకి పోదాం.