మానసిక చికిత్సకుడు: ఒంటరి గదియా, ఉమ్మడి గడపయా?

మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. ముగించి, ఆపై క్లినికల్ సైకాలజీలో శిక్షణ పొందిన యువతీయువకులకు వృత్తిలో అడుగుపెట్టే వేళ ఒక ప్రశ్న ఎదురవుతున్నది. సొంతంగా గది తీసుకొని బోర్డు కట్టవలెనా, లేక పలువురు వైద్యులు కలిసి నడిపే పాలీక్లినిక్కులో చేరవలెనా?

సొంత గదిలో స్వేచ్ఛ ఉన్న మాట నిజం. ఫీజులో వాటా అడిగేవారుండరు. ఒక్కొక్కరితో ఎంతసేపు మాట్లాడవలెనో చికిత్సకుడే నిర్ణయించుకొనవచ్చును. అయినను మా మొగ్గు ఉమ్మడి గడప వైపే. అందుకు కారణం చికిత్సకుని లాభం కాదు, వచ్చే మనిషి కష్టం.

మన పట్టణాలలో ‘పిచ్చి డాక్టరు’ అన్న మాట ఇంకను పోలేదు. అటువంటి బోర్డు క్రింద ఒక ఆడపిల్ల మెట్లెక్కితే ఆమె ఇల్లు చేరకముందే వార్త వీధికి చేరును. కుదిరిన సంబంధం తప్పిపోవచ్చును. అదే గడపలో పంటి డాక్టరు, పిల్లల డాక్టరు కూడ ఉన్నచో ఆమె ఎవరి కొరకు వచ్చినదో చూచేవారికేమి తెలియును? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షనులో రోగికి గోప్యత హక్కును ప్రసాదించినది. మెట్ల మీద పడే చూపులను ఏ చట్టం ఆపగలదు?

భాష సంగతి మన కళాశాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బజారులో చక్కని తెలుగు మాట్లాడే తల్లి సైతం దుఃఖం వచ్చినప్పుడు ఉర్దూలోనే ఏడ్చును. ఉర్దూ రాని చికిత్సకుడు ఒంటరిగా ఉన్నచో కోడలిని దుబాసీగా కూర్చొనబెట్టుకొనవలసి వచ్చును. ఆ తల్లి బాధ ఆ కోడలిని గూర్చినదే అయితే? ఇద్దరు ముగ్గురున్న చోట ఆ భాష తెలిసినవారు ఒకరైనా దొరికే అవకాశమున్నది.

సైకాలజిస్టు మందులు వ్రాయరాదు. ఆత్మహత్య తలంపుతో వచ్చినవారికి మందు అవసరమైతే సైకియాట్రిస్టు ప్రక్క గదిలో ఉండుట వేరు, హైదరాబాదుకు చీటీ వ్రాసి పంపుట వేరు. చీటీ పట్టుకొన్నవారందరు రైలెక్కరు.

చికిత్సకునికి సైతం సంప్రదించుటకు మనుష్యులు కావలెను. వియన్నాలో సొంత ప్రాక్టీసు నడిపిన ఫ్రాయిడ్ అంతటివాడు 1902లో నలుగురు సహచరులను చేర్చుకొని ప్రతి బుధవారం తన ఇంట చర్చలు ఆరంభించినాడు.

ఉమ్మడి క్లినిక్కులన్నియు మంచివని మేము అనుట లేదు. గంటకు ఇందరు రోగులని లెక్క కట్టే చోట్లు ఉన్నవి. కనుక వాటా ఎంత, విడిపోయిన నాడు రోగుల కాగితాలు ఎవరి వద్ద ఉండవలెను అన్న సంగతులు ముందే వ్రాతపూర్వకంగా తేల్చుకొనవలెను. ఆ కాగితాల బీరువా తాళంచెవి ముందు గదిలోని బల్ల మీద పడి ఉన్నదా, ఆ గడప ఎక్కనేవలదు.